బిడ్డ నోట్లో పీక: మొదలుపెట్టడం నుంచి మాన్పించడం దాకా, పళ్ల వరుస చెడకుండా

పాసిఫయర్ మంచిదా చెడ్డదా అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. రెండు నెలల బిడ్డ నిద్రపట్టే ముందు పది నిమిషాలు చీకితే పళ్లకు ఏమీ కాదు, అప్పటికి పళ్లే లేవు. అదే పీక మూడేళ్ల పిల్లాడి నోట్లో పొద్దుట లేచింది మొదలు రాత్రి దాకా ఉంటే పైదవడ ఆకారమే మారిపోతుంది. ఏ వయసులో ఇచ్చారు, రోజుకు ఎన్ని గంటలు ఉంచారు, దానికి ఏం పూసి ఇచ్చారు అన్నవే ఇక్కడ లెక్క. ఈ మూడూ పెద్దవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.

పాల సీసాకు తగిలించేది పాలపీక. పాలు రాకుండా ఊరికే చీకడానికి ఇచ్చేది పాసిఫయర్. చాలా ఇళ్లలో రెండింటినీ పీక అనే అంటారు. ఇకమీద ఇక్కడ పీక అంటే ఆ వట్టి పీకే.

నోటి లోపల జరిగేది

పైదవడ వెడల్పు రెండు ఒత్తిళ్ల మధ్య నిలుస్తుంది. లోపలి నుంచి నాలుక, బయటి నుంచి బుగ్గలు. నోరు మూసుకుని ఊరికే ఉన్నప్పుడు నాలుక అంగిలికి ఆనుకుని ఉంటుంది. పీక పెట్టగానే ఆ చోటు పీకది అవుతుంది, నాలుక కిందికి జారుతుంది. చీకేటప్పుడు బుగ్గలు లోపలికి లాక్కుంటాయి. లోపలి ఆసరా పోయి, బయటి ఒత్తిడి మాత్రం మిగులుతుంది. రోజూ గంటల తరబడి ఇలాగే సాగితే పైవరుస సన్నబడుతుంది.

మామూలుగా డబ్బాకు మూత బిగించినట్టు పైపళ్లు కిందిపళ్ల మీదుగా కాస్త బయటికి ఉంటాయి. పైవరుస సన్నబడితే వెనక పైపళ్లు కిందిపళ్లకు లోపలివైపు పడతాయి. దీన్ని డెంటిస్టులు క్రాస్‌బైట్ అంటారు. అప్పుడు పిల్లలు నమలడానికి వీలుగా కింది దవడను ఒక పక్కకు జరుపుకుంటారు. గడ్డం ఆ పక్కకు లాగినట్టు కనిపిస్తుంది.

ముందువైపు జరిగేది వేరు. పీక మెడ, అంటే పళ్ల మధ్యకు వచ్చే దాని సన్నటి భాగం, పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య అడ్డంగా ఉంటుంది కాబట్టి ముందుపళ్లు పూర్తిగా దిగవు. వెనకపళ్లు గట్టిగా కరుచుకున్నా ముందు సందు మిగిలిపోతుంది. దాన్ని ఓపెన్ బైట్ అంటారు. పై ముందుపళ్లు బయటికి తోసుకుని ఎత్తుపళ్లుగా కనిపించడమూ ఉంటుంది.

పళ్లను కదిలించేది ఎంత గట్టిగా చీకారన్నదాని కన్నా ఎంతసేపు చీకారన్నదే. తేలికపాటి ఒత్తిడి అయినా రోజుకు ఆరు గంటల మేర ఉంటే పళ్లు కదులుతాయి. గట్టిగా, కానీ పది నిమిషాలే చీకితే అంత మార్పు రాదు. రాత్రంతా నోట్లోనే ఉండిపోయిన పీక ఒక్కటే ఆ ఆరు గంటలూ దాటించేస్తుందని చాలామంది గమనించరు.

మూడేళ్లలోపు మానేస్తే ముందుపళ్ల సందు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. సన్నబడిన పైవరుస మాత్రం అంత తేలిగ్గా వెనక్కి రాదు. ముందు సందు పూడిందని ఊరుకోకుండా వెనకపళ్లు కూడా చూడాలన్నది ఇందుకే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

తల్లిపాలు తాగే బిడ్డకు పాలు పట్టడం కుదుటపడ్డాకే ఇవ్వండి. మామూలుగా దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. బిడ్డ పుట్టినప్పటి బరువు మళ్లీ అందుకుని పెరుగుతుండాలి, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఒంటేలు పోయాలి, రొమ్ము పట్టినప్పుడు తల్లికి నొప్పి ఉండకూడదు. ఇవి కుదరకముందే పీక పెడితే బిడ్డ ఆకలితో పెదవులు చప్పరించడం, తల తిప్పి వెతకడం తల్లి కంట పడవు. బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2018లో సవరించిన తల్లిపాల పది సూత్రాల్లో సీసాలు, పాలపీకలు, పాసిఫయర్ల వల్ల వచ్చే ఇబ్బందులను తల్లులకు వివరించాలని ఒక సూత్రమే ఉంది.

ఒక మేలు కూడా ఉంది. నిద్రలో పసిబిడ్డలు ఉన్నట్టుండి చనిపోయే స్థితిని డాక్టర్లు సిడ్స్ అంటారు. పడుకోబెట్టేటప్పుడు పీక ఇస్తే ఆ ప్రమాదం తగ్గుతుందని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచిస్తోంది. నిద్రలో జారిపోతే మళ్లీ పెట్టాల్సిన పని లేదు. బిడ్డ వద్దంటే బలవంతం వద్దు.

పీక లేకుండానే హాయిగా నిద్రపోయే బిడ్డకు కొత్తగా అలవాటు చేయకండి. ఇచ్చే ఇంట్లో కూడా ఏడవగానే పీక నోట్లో పెట్టేయకూడదు. ముందు ఆకలి, తడి, ఉక్క, కడుపులో గ్యాస్ చూడండి. ఇవేవీ కాకపోతే అప్పుడు పీక.

కొనేటప్పుడు స్కేలు పట్టుకెళ్లండి

నోట్లోకి వెళ్లే కొస, పెదవుల ముందుండే పళ్లెం, వెనక పట్టు మొత్తం ఒకే అచ్చులో పోసినది తీసుకోండి. ముక్కలు అతికించినవి ఊడి గొంతుకు అడ్డం పడతాయి. పళ్లెం వెడల్పు నాలుగు సెంటీమీటర్లకు తగ్గకూడదు, బిడ్డ నోటి కన్నా పెద్దదిగా ఉండాలి. పళ్లెంలో కనీసం రెండు గాలి రంధ్రాలు ఉండాలి. ఒకవేళ పీక మొత్తం నోట్లోకి పోయినా ఊపిరి ఆడటానికి అవే దారి. ప్యాకెట్ మీద రాసిన వయసు చూసి కొనండి. ఆరు నెలల లోపు సైజు ఏడాది బిడ్డ నోట్లోకి పూర్తిగా దూరిపోగలదు.

సిలికాన్ గట్టిగా ఉంటుంది, మరిగించినా చెడదు. కానీ పళ్లు వచ్చాక కొరికితే చిరుగుతుంది. లేటెక్స్ అంటే సహజ రబ్బరు, మెత్తన, సాగుతుంది, అయితే ఎండకూ వేడికీ త్వరగా జిగురుగా మారుతుంది. కొందరికి అది పడదు కూడా. మన వేసవులకు సిలికానే నయం.

ప్యాకెట్ మీద ఆర్థోడాంటిక్ (పళ్ల వరుసకు సంబంధించినది) అని ఉంటే పళ్లకు రక్షణ అనుకుని ధైర్యంగా రోజంతా ఉంచేవాళ్లున్నారు. ఆ రకం పీక మెడ పలచగా, చదునుగా ఉంటుంది కాబట్టి పళ్ల మధ్య అడ్డు తగ్గుతుంది. అంతవరకు మేలే. గంటలు పెరిగితే అదీ పళ్లను కదిలిస్తుంది.

జాతరలో, బండి మీద అమ్మే ఈలల పీకలు, పూసలున్నవి, లోపల తేనె నింపినవి కొనకండి. పాత సీసా పాలపీకలో దూది కుక్కి చేతికివ్వడం ఇంకా ప్రమాదం, చీకుతుంటే ఆ రెండూ విడిపోతాయి. పీకను మెడలో తాడుకో, గొలుసుకో, మొలతాడుకో ఎప్పుడూ కట్టవద్దు. బట్టకు క్లిప్పు పెట్టాలనుకుంటే దాని పట్టీ 22 సెంటీమీటర్లకు మించకూడదు, అదీ బిడ్డ మెలకువగా మీ కళ్ల ముందు ఉన్నప్పుడే. పడుకోబెట్టే ముందు తీసేయండి.

కడగడం, రోజూ ఒకసారి లాగి చూడటం

కొత్త పీకను నీళ్లలో పూర్తిగా మునిగేలా వేసి ఐదు నిమిషాలు మరిగించండి. చల్లారాక వేళ్లతో నొక్కి లోపల చేరిన నీళ్లు పిండేయండి, వేడినీళ్లు లోపల మిగిలితే నోరు కాలుతుంది. ఆరు నెలలు నిండేదాకా రోజుకొకసారి ఇలా మరిగించాలి. తరవాత సబ్బు, వేడినీళ్లు చాలు. ఆరబెట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో ఉంచండి. ఒకే రకానివి రెండు మూడు పెట్టుకుంటే కింద పడినప్పుడు కంగారు ఉండదు.

కింద పడిన పీకను పైట చెంగుతో తుడిచో, పెద్దవాళ్లు తమ నోట్లో పెట్టుకుని శుభ్రం చేసో తిరిగి ఇస్తుంటారు. పెద్దవాళ్ల నోట్లో పిప్పిపన్ను ఉంటే దాన్ని పుచ్చేలా చేసిన సూక్ష్మజీవులు ఆ ఉమ్మితో పాటు బిడ్డకు చేరతాయి. కడగడానికి వీలు లేకపోతే డబ్బాలోని ఇంకొకటి ఇవ్వండి.

ఇచ్చే ముందు రెండు చేతులతో పట్టుకుని అన్ని వైపులా లాగండి, వెలుతురుకు ఎత్తి చూడండి. జిగురు, రంగు మారడం, ఉబ్బు, వెంట్రుకంత పగులు, పంటిగాటు, వీటిలో ఏది కనిపించినా పారేయండి. ఏమీ లేకపోయినా నెలా రెండు నెలలకోసారి మార్చాలి. నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి పొరలు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. పీక మార్చి పిల్లల డాక్టరుకు చూపించండి.

తేనె, చక్కెర, బెల్లం పాకం

తేనె నాకించడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే. ఏడాది లోపు బిడ్డకు మాత్రం అది విషమయ్యే అవకాశం ఉంది. తేనెలో ఉండే ఒకరకం బ్యాక్టీరియా బీజాలు పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి బొటులిజం తెస్తాయి. విరేచనం బిగుసుకుపోతుంది, ఏడుపు నీరసిస్తుంది, కనురెప్పలు వాలుతాయి, మెడ నిలవదు, ఊపిరి ఆగే దాకా వెళ్లవచ్చు. 2018లో అమెరికాలోని టెక్సస్‌లో తేనె నింపిన పీకలు వాడిన నలుగురు పసిబిడ్డలు ఇలాగే ఆసుపత్రి పాలయ్యారు. పీక మీద రాసే ఒక చుక్క కూడా వద్దు.

ఏడాది దాటాక తేనెతో బొటులిజం భయం తగ్గుతుంది, పళ్ల భయం తగ్గదు. చక్కెర, బెల్లం పాకం, జామ్, గ్లూకోజు, ఏది రాసినా పీక దాన్ని తీసుకెళ్లి పై ముందుపళ్ల వెనక నిలబెడుతుంది. నోట్లోని సూక్ష్మజీవులు ఆ తీపిని ఆమ్లంగా మారుస్తాయి. నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరుతుంది కాబట్టి కడిగేది ఉండదు. కింది ముందుపళ్లను నాలుక కప్పి కాపాడుతుంది, పైవాటికి ఆ అదృష్టం లేదు. పసివాళ్లలో పై నాలుగు ముందుపళ్లే మొదట పుచ్చేది ఇందువల్ల.

నెలకోసారి పైపెదవి ఎత్తి చూడండి. బిడ్డను ఒళ్లో వెల్లకిలా, తల మీ మోకాళ్ల వైపు వచ్చేలా పడుకోబెట్టి, కిటికీ వెలుతురులో శుభ్రమైన గుడ్డతో పళ్లను తుడిచి ఆరనివ్వండి. చిగురు అంచు వెంట సున్నం గీత గీసినట్టు తెల్లగా, మెరుపు లేకుండా కనిపిస్తే పుచ్చు మొదలైనట్టే. ఈ దశలో డెంటిస్టు దగ్గరికి వెళితే డ్రిల్లింగ్ లేకుండానే ఆపవచ్చు. గోధుమరంగుకు తిరిగి గుంట పడ్డాక పని పెద్దదవుతుంది.

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే బ్రష్ మొదలవ్వాలి. రోజుకు రెండుసార్లు, 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్లకు బఠాణీ గింజంత. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ల సంగతి తెలిసిందే. అలాంటి నీళ్లు తాగే ఇళ్లవాళ్లు పేస్టు విషయం డెంటిస్టును అడిగి వాడటం మంచిది. రాత్రి బ్రష్ అయ్యాక మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. పీక ఇస్తే వట్టిదే.

ఏ వయసులో ఎంత

ఆరు నెలల దాకా నిద్రకూ, ఎంత ఊరడించినా ఆగని ఏడుపుకూ వాడవచ్చు. ఆరు నెలలు దాటాక తగ్గించడం మొదలుపెట్టండి. ఈ వయసు తరవాత కూడా పీక బాగా వాడే పిల్లల్లో చెవి లోపలి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. ఏడాది నిండాక పడక మీద మాత్రమే. నడక నేర్చే పిల్లలు పీకతో పరుగెత్తి బోర్లా పడితే పెదవి చీలుతుంది, పన్ను కదులుతుంది. మాటలు వచ్చే వయసు కూడా ఇదే. నోట్లో పీక ఉంటే పిల్లల మాటలకు అడ్డే.

పద్దెనిమిది నెలలు దాటితే దవడ మీద ప్రభావం మొదలవుతుంది. రెండేళ్లకల్లా పూర్తిగా మాన్పించడం గురిగా పెట్టుకోండి. అమెరికాలో పిల్లల దంతవైద్యుల సంఘం మూడేళ్లను ఆఖరి హద్దుగా చెబుతుంది. రెండున్నర, మూడేళ్ల మధ్య ఇరవై పాలపళ్లూ వచ్చేస్తాయి. ఆ తరవాత పీక వాడే ప్రతి నెలా పళ్ల వరుసను ఇంకా వంకర చేయవచ్చు.

మాన్పించడం: నాలుగు వారాలు

జ్వరంలో, ఇల్లు మారుతున్నప్పుడు, చెల్లో తమ్ముడో పుట్టిన నెలలో, బడిలో వేసిన వారంలో మొదలుపెట్టకండి. ముందు మూడు రోజులు పీక నోట్లో ఉన్న గంటలు కాగితం మీద రాయండి. రెండు గంటలే అనుకున్నది తొమ్మిది గంటలు తేలడం మామూలే.

మొదటి వారం, పీక మంచం దగ్గర డబ్బాలోనే ఉంటుంది. హాల్లో, కారులో, ఊరెళ్లినప్పుడు ఉండదు. కావాలంటే మంచం మీదికి వెళ్లి చీకాలి. ఆడుకునే పిల్లలు మంచం మీద ఎక్కువసేపు ఉండలేరు, వాళ్లే వదిలేసి వస్తారు. ఈ నియమం అమ్మమ్మకూ, నాయనమ్మకూ, పిల్లను చూసుకునే ఆయాకూ ఒకేసారి చెప్పాలి. ఒక్కరు దాచి ఇచ్చినా మొత్తం మొదటికి వస్తుంది.

రెండో వారం, పగటి నిద్రకు ఆపండి. దాని చోట ఇంకోటి పెట్టాలి. మెత్తటి బొమ్మో, తల్లి పాత చీర ముక్కో, వీపు నిమరడమో, రోజూ అదే జోలపాటో. ఏది ఎంచుకున్నా మార్చకుండా అదే కొనసాగించండి. మెడకు చుట్టుకునేంత పెద్ద గుడ్డ మాత్రం వద్దు.

మూడో వారం, రాత్రి కళ్లు బరువెక్కేదాకా ఉంచి తీసేయండి. లాగితే బిడ్డ ఇంకా గట్టిగా చీకుతుంది. మీ చిటికెన వేలిని పెదవి మూల నుంచి మెల్లగా లోపలికి జొనిపితే గాలి చేరి పట్టు వదులుతుంది. పీక తీసిన వెంటనే రెండు వేళ్లతో గడ్డాన్ని కింద నుంచి పైకి ఆనించి పది సెకన్లు ఉంచండి, నోరు మూసుకుంటుంది.

నాలుగో వారం, పీక ఇక లేదు. రెండేళ్లు దాటినవాళ్లకు మూడు రోజుల ముందే చెప్పి, రోజుకొక గీత గీయించి, ఆఖరి రోజు వాళ్ల చేతులతోనే చెత్తబుట్టలో వేయించండి. బదులుగా వాళ్లు ఎంచుకున్న బొమ్మ కొనిపెట్టండి. అదే రాత్రి ఇంట్లో ఉన్న పీకలన్నీ బయటికి పోవాలి, బ్యాగు జేబులోదీ, అలమార మీదదీ కూడా. మొదటి మూడు నాలుగు రాత్రులు కష్టంగా ఉంటాయి. పక్కన కూర్చోండి, నిమరండి, మంచినీళ్లు ఇవ్వండి. మూడో రాత్రి రెండింటికి ఓపిక నశించి పీక ఇచ్చారంటే, గంట ఏడిస్తే దొరుకుతుందని బిడ్డ నేర్చుకుంటుంది. మళ్లీ మాన్పించాలంటే అంతకన్నా కష్టం.

వేపాకు ముద్ద, కాకరరసం, కారం రాయడం చేయకండి. కారం అంటిన చేతులతో పిల్లలు కళ్లు నులుముకుంటారు. పీక కొస కత్తిరించి ఇవ్వమనే సలహా కూడా వినిపిస్తుంది. కత్తిరించిన చోట చిరుగు పెరిగి ముక్క ఊడి గొంతులో పడుతుంది. నలుగురిలో ఎగతాళి చేస్తే, కొడితే బెంగ ఎక్కువై ఇంకా ఎక్కువ చీకుతారు.

పీక మానిన కొందరు బొటనవేలికి మారతారు. వేలు పారేయగలిగేది కాదు కాబట్టి ఇది ఇంకాస్త మొండిది. వేలు నోట్లోకి పోయే వేళలు గమనించండి. చాలామందికి నిద్ర ముందూ, టీవీ ముందూ పోతుంది. ఆ వేళలకు చేతికి పిండి ముద్దో, క్రేయాన్లో ఇవ్వండి. మూడున్నర, నాలుగేళ్ల పిల్లలు ఒప్పుకుంటే రాత్రి చేతికి పలుచని నూలు సాక్సు తొడగవచ్చు.

ఇంట్లో పరీక్ష, డెంటిస్టు దగ్గరికి ఎప్పుడు

పిల్లను కిటికీ ఎదుట కూర్చోబెట్టి "ఈ" అని వెనకపళ్లు కలిపి చూపించమనండి. ముందు సందులోంచి నాలుక కనిపిస్తే ఓపెన్ బైట్. తరవాత బుగ్గను వేలితో పక్కకు లాగి, పైపళ్లు కిందిపళ్లకు బయట ఉన్నాయో లోపల పడ్డాయో రెండు పక్కలా చూడండి. పళ్లు కలిపే ఆఖరి క్షణంలో గడ్డం ఒక పక్కకు జారుతుందేమో ఎదుటి నుంచి గమనించండి. ఆ తరవాత దోసె అంచో, పండిన జామకాయ ముక్కో ముందుపళ్లతో కొరకమనండి. ముందు సందు ఉన్న పిల్లలు ముక్కను నోటి పక్కకు తిప్పుకుని అక్కడ తెంపుతారు, లేదా చేత్తో లాగేస్తారు. తినడంలో మారాం అని పెద్దలు కసురుకునేది కొన్నిసార్లు ఇదే. మాటల్లో "స" పలికినప్పుడు నాలుక పళ్ల మధ్యకు రావడం కూడా చూడండి.

నెలకోసారి ఒకే కోణంలో ఫోటో తీసి ఉంచండి. మాన్పించాక ఆరు నెలల్లో ముందు సందు తగ్గుతూ రావాలి. తగ్గకపోతే, వెనకపళ్లు లోపలికి పడితే, గడ్డం పక్కకు పోతే ఆగకుండా వెళ్లండి. ఏ ఇబ్బందీ లేకపోయినా మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి చూపించడం మంచిది. పిల్లల పళ్ల డాక్టరును పీడోడాంటిస్ట్ అంటారు. ప్రైవేటుకు వెళ్లలేనివాళ్లకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి.

వెళ్లేటప్పుడు గంటలు రాసిన కాగితం, ఫోటోలు, వాడిన పీక వెంట తీసుకెళ్లండి. పీక ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, రాత్రి నోరు తెరిచి నిద్రపోతుందా, గురక ఉందా అని అడుగుతారు. ముక్కు దిబ్బడ వల్ల నోటితో ఊపిరి పీల్చే పిల్లల్లోనూ పైవరుస సన్నబడుతుంది కాబట్టి చెవి ముక్కు గొంతు డాక్టరుకు కూడా చూపించమనవచ్చు. క్రాస్‌బైట్ ఉండిపోతే అడ్డం వచ్చే పాలపన్ను అంచు కాస్త అరగదీయడమో, పైవరుసను మెల్లగా వెడల్పు చేసే పరికరం పెట్టడమో చేస్తారు. ఎప్పుడు పెట్టాలన్నది వయసు, పిల్ల సహకరించే తీరు చూసి వాళ్లే నిర్ణయిస్తారు.